పట్టు దారి: సామ్రాజ్యాలతో లేచి, సామ్రాజ్యాలతో పడిన బాట – తరచుగా అడిగే ప్రశ్నలు

పట్టు దారి గురించి ఎక్కడ మాట వచ్చినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు ఒక తేదీ కావాలి. యాత్రలంటే ఇష్టమున్నవాళ్ళకు మార్కో పోలో కావాలి. మనవాళ్ళకు ఇందులో చోటుందా అని ఇంకొందరు అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను: ఈ దారిని బతికించింది వర్తకుడి సాహసం ఒక్కటే కాదు, ఠాణాలో కాపలా కాసిన సైనికుడి జీతం కూడా. ఎడారి ఇసుకలో దొరికిన కర్రపలకలు, కాగితాలు చదివేకొద్దీ నాకీ నమ్మకం గట్టిపడింది.

## దారి, దాని పేరు

పట్టు దారి అంటే నిజంగా ఒక రోడ్డేనా?

కాదు. ఒయాసిస్సు ఊళ్ళను కలుపుతూ పోయే బాటల అల్లిక అది. చైనాలో చాంగాన్ (ఇప్పటి షియాన్) నుంచి బయల్దేరితే డున్‌హువాంగ్ దాటాక తక్లమకాన్ ఎడారి అడ్డొస్తుంది. ఒక బాట దానికి ఉత్తరంగా తుర్ఫాన్, కుచా మీదుగా, మరొకటి దక్షిణంగా నియా, ఖోతాన్ మీదుగా పోయి కాష్గర్ దగ్గర కలిసేవి. పామీర్ కనుమలు దాటాక ఒక కొమ్మ సమర్‌కంద్ వైపు, ఇంకో కొమ్మ బల్ఖ్ మీదుగా తక్షశిల వైపు చీలేది. ఏ ఏడు ఏ బాట తెరిచి ఉంటుందో నీళ్ళు చెప్పాలి, లేదా ఆ ఏడు జరుగుతున్న యుద్ధం చెప్పాలి.

ఆ పేరు ఆ కాలంవాళ్ళు పెట్టుకున్నదేనా?

కాదు. 1877లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ ఫాన్ రిష్ట్‌హోఫెన్ వాడాకే అది ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు వల్ల పట్టు ఒక్కటే నడిచిందనిపిస్తుంది. గుర్రాలు, కస్తూరి, నవాసాగరం, గాజు, కాగితం, మందులు, బానిసలు, బౌద్ధ గ్రంథాలు అన్నీ ఆ బాటలనే నడిచాయి.

ఒకే వర్తకుడు సరుకుతో చైనా నుంచి రోమ్ దాకా వెళ్ళేవాడా?

దాదాపు ఎవరూ వెళ్ళలేదు. సరుకు వెళ్ళేది, మనిషి ఆగిపోయేవాడు. ఒక బిడారు తనకు తెలిసిన నాలుగైదు మజిలీలు నడిచి సరుకు అమ్మేసి వెనక్కి తిరిగేది. అక్కణ్ణుంచి ఇంకొకరు. ప్రతి చేతి మార్పు దగ్గరా లాభం, ప్రతి సరిహద్దు దగ్గరా సుంకం. మధ్యలో ఉన్నవాళ్ళు రెండు చివరలూ కలవకుండా చూసుకునేవారు కూడా. క్రీ.శ. 97లో చైనా సేనాని బాన్ చావ్ తన దూత గాన్ యింగ్‌ను రోమ్‌కు పంపాడు. పార్థియా (అప్పటి ఇరాన్ రాజ్యం) సరిహద్దులో సముద్రం దాకా వచ్చిన అతనితో అక్కడి నావికులు, గాలి అనుకూలిస్తే మూడు నెలలు, లేకపోతే రెండేళ్ళు పడుతుంది, మూడేళ్ళకు సరిపడా తిండి తెచ్చుకోవాలి అన్నారు. అతను వెనక్కి వెళ్ళిపోయాడు.

## మొదలు: హాన్ చక్రవర్తుల కాలం

ఈ దారిని కనిపెట్టింది ఝాంగ్ చియాన్ అని చదివాం. నిజమేనా?

చైనా ప్రభుత్వానికి దాన్ని చూపించింది ఆయనే. దారి మాత్రం ఆయనకంటే ముందే ఉంది. క్రీ.పూ. 138లో హాన్ వంశపు వూ చక్రవర్తి ఆయన్ను సుమారు వందమందితో పశ్చిమానికి పంపాడు. షియోంగ్నూ సంచార జాతి అప్పట్లో చైనాకు పెద్ద బెడద. వాళ్ళ చేతిలో దెబ్బతిన్న యూచీలు అనే మరో సంచార జాతితో పొత్తు కుదుర్చుకురావడం ఆయన పని. దారిలోనే షియోంగ్నూలకు చిక్కి పదేళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. తప్పించుకుని బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) చేరితే అక్కడి అంగట్లో తన దేశంలోని షూ సీమ (ఇప్పటి సిచువాన్) వెదురు కర్రలు, గుడ్డలు కనిపించాయి. ఇవెక్కడివని అడిగితే, మా వర్తకులు భారతదేశంలో కొనుక్కొచ్చారు అన్నారు. చక్రవర్తికి తెలియని దారులు బేరగాళ్ళకు ఎప్పుడో తెలుసు. పొత్తు కుదరలేదు. వందమందిలో ఒకే ఒక్క సహచరుడు ఆయనతో తిరిగొచ్చాడు.

హాన్ చక్రవర్తికి వ్యాపారం మీద అంత ఆసక్తి ఎందుకు?

ఆయనకు కావలసింది వ్యాపారం కాదు, గుర్రాలు. గుర్రపు స్వారీలో ఆరితేరిన షియోంగ్నూలకు చైనా అంతకుముందు దశాబ్దాల పాటు ఏటా పట్టు, ధాన్యం, పెళ్ళికి రాజకుటుంబపు ఆడపిల్లలు ఇచ్చి శాంతి కొనుక్కుంది. ఆ అవమానం పోగొట్టాలంటే మేలుజాతి గుర్రాలు కావాలి. అవి మధ్యాసియాలోని ఫర్గానా లోయలో ఉన్నాయి. క్రీ.పూ. 104 నుంచి 101 దాకా ఆ గుర్రాల కోసమే రెండు దండయాత్రలు జరిగాయి. మొదటిది ఘోరంగా విఫలమైంది, రెండోది గుర్రాలు తెచ్చింది. ఆ క్రమంలోనే వూవై, ఝాంగ్యే, జియూచ్యువాన్, డున్‌హువాంగ్ అనే నాలుగు సీమలు ఏర్పడ్డాయి, చైనా సరిహద్దు గోడ, కావలి బురుజులు డున్‌హువాంగ్ దాకా సాగాయి.

సైన్యం వస్తే వ్యాపారం భయపడి పారిపోవాలి కదా, ఎలా పెరిగింది?

సైన్యంతోపాటు బావులు, సత్రాలు, లెక్కలు రాసే గుమాస్తాలు వచ్చారు. డున్‌హువాంగ్ దగ్గర షువాన్‌చ్యువాన్ అనే హాన్ కాలపు మజిలీ 1990లలో తవ్వకాల్లో బయటపడింది. అక్కడ వేల సంఖ్యలో రాతపలకలు దొరికాయి. ఎవరు వచ్చారు, ఎంత తిండి పెట్టాం, ఎన్ని గుర్రాలు ఇచ్చాం అన్నీ రాసి ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది క్రీ.పూ. 39 నాటి ఒక ఫిర్యాదు. మధ్యాసియా నుంచి ఒంటెలు తోలుకొచ్చిన దూతలు, తమ బలిసిన ఒంటెలను బక్కవని, తెల్ల ఒంటెను పసుపుదని అధికారులు తక్కువ కట్టారని మొరపెట్టుకున్నారు. పేరుకు దూతలు, చేతిలో అమ్మకపు సరుకు. మొర వినే అధికారి ఉన్నాడనే ధైర్యమే వాళ్ళను అంతదూరం నడిపించింది.

రోమ్ బంగారమంతా చైనా పట్టుకే పోయిందంటారు. ఎంతవరకు నిజం?

భారత్, చైనా, అరేబియా కలిపి ఏటా 10 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తున్నాయని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. అందులో భారతదేశం వాటా 5 కోట్లని కూడా రాశాడు. కానీ ఆ వ్యాపారంలో ఎక్కువ భాగం ఎర్రసముద్రం మీదుగా ఓడల్లో నడిచింది. ఆ కాలపు రోమన్ నాణేలు మన దక్షిణాదిలో కుప్పలుగా దొరికాయి, నల్లగొండ జిల్లా అక్కనపల్లిలోనూ ఒక నిధి బయటపడింది. చైనా నేలలో దొరికిన రోమన్ తరహా బంగారు నాణేలు చాలా తర్వాతి బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలానివి. ఎడారి దారి గురించి మాట్లాడేటప్పుడు ప్లినీ లెక్కను జాగ్రత్తగా వాడాలి.

మధ్యలో ఉన్న కుషాణులు, పార్థియన్లు, పల్మైరావాళ్ళు ఏం చేశారు?

దారి కాచి సుంకం తీసుకున్నారు. ఝాంగ్ చియాన్ వెతుక్కుంటూ వెళ్ళిన యూచీలలోంచే కుషాణ రాజ్యం పుట్టింది. కాబూల్‌కు ఉత్తరాన వాళ్ళ బేగ్రాంలో 1930లలో రెండు మూసిన గదులు తెరిస్తే, రోమన్ గాజు, భారతీయ దంతపు బొమ్మలు, చైనా లక్కపాత్రలు ఒకేచోట బయటపడ్డాయి. ఇంకా పశ్చిమాన, సిరియా ఎడారిలోని పల్మైరాలో క్రీ.శ. 137 నాటి సుంకాల శాసనం ఉంది. ఒంటె బరువుకు ఎంత, మేకతోలు తిత్తిలో తెచ్చిన పరిమళ తైలానికి ఎంత, బానిసకు ఎంత అని రాయి మీద చెక్కించి అందరికీ కనబడేలా పెట్టారు. ఎంత ఇవ్వాలో ముందే తెలిస్తే వర్తకుడు ధైర్యంగా వస్తాడు.

## దారి తెగిన రోజులు

హాన్ వంశం పోగానే దారి మూతపడిందా?

మూతపడలేదు, ముక్కలైంది. సుమారు తొంభై ఏళ్ళలో వరసగా దెబ్బలు తగిలాయి. 220లో హాన్ వంశం అంతరించింది. 224లో పార్థియన్లను ఇరాన్‌లోనే లేచిన సస్సానియన్ వంశం కూల్చింది. 273లో రోమ్ చక్రవర్తి ఔరేలియన్ పల్మైరాను నేలమట్టం చేశాడు. 311లో చైనా రాజధాని లొయాంగ్ నగరం తగలబడింది. ఆ కబురు సమర్‌కంద్‌కు మోసుకుపోవలసిన ఒక ఉత్తరం డున్‌హువాంగ్ పశ్చిమాన ఒక కావలి బురుజు శిథిలంలో 1907లో దొరికింది. చక్రవర్తి కరవుకు తాళలేక పారిపోయాడని, నగరం కాలిపోయిందని, అక్కడున్న మన సోగ్డియన్లు, భారతీయులు ఆకలితో చనిపోయారని ఒక వర్తకుడు తన యజమానికి రాశాడు. అదే ఉత్తరంలో ఒక తండ్రిలేని పిల్లవాడి సొమ్మును ఎలా మదుపు పెట్టాలో కూడా చెప్పాడు. ఊరు తగలబడుతున్నా బేరం ఆగలేదు. ఉత్తరమే ఊరు చేరలేదు.

సోగ్డియన్లు అంటే ఎవరు?

సమర్‌కంద్, బుఖారా ప్రాంతపు ఇరానీ భాష మాట్లాడే వర్తకులు. నాలుగు నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా ఈ బాటలకు ప్రాణం వాళ్ళే. వాళ్ళకు పెద్ద సామ్రాజ్యం లేదు. చుట్టాలు, ఊరివాళ్ళు మజిలీ మజిలీకీ స్థిరపడి ఒకరికొకరు జామీను నిలబడేవారు. 1907లో దొరికిన ఆ ఉత్తరాల సంచిలో మివ్నయ్ అనే సోగ్డియన్ స్త్రీ తన భర్తకు రాసిన ఉత్తరమూ ఉంది. డున్‌హువాంగ్‌లో కూతురితో సహా తనను దిక్కులేకుండా వదిలేశాడు అతను. నీ భార్యగా ఉండేకంటే కుక్కకో పందికో భార్యనైతే నయమని రాసింది. వాణిజ్య చరిత్ర అంటే లాభనష్టాల పట్టిక అనుకునేవాళ్ళు ఆ ఉత్తరం ఒకసారి చదవాలి.

లౌలాన్, నియా లాంటి ఊళ్ళు యుద్ధాల వల్ల పాడుబడ్డాయా, నీళ్ళు లేకనా?

రెండూ ఒకదాన్నొకటి లాగాయి. ఎడారి నదులు దారి మార్చుకుంటాయి, కాలువలు తవ్వి మట్టి తీసే యంత్రాంగం ఉన్నంతకాలం ఊరు నిలుస్తుంది. కాపలా దండు, దానికి ధాన్యం పండించే సైనిక వ్యవసాయం ఆగిపోతే ఇసుక గెలుస్తుంది. నియాలో ఇళ్ళు, తోటల మొద్దులు, కర్రపలకల మీది దస్తావేజులు ఇసుకలో అలాగే ఉండిపోయాయి. ఆ పలకల లిపి ఖరోష్ఠి, భాష గాంధార ప్రాకృతం. మూడు, నాలుగు శతాబ్దాల్లో తక్లమకాన్ అంచున ఒక రాజ్యం భారతీయ లిపిలో కార్యాలయం నడిపింది.

పట్టు రహస్యం బయటికి పొక్కాక చైనా వ్యాపారం దెబ్బతిందా?

అంతగా తినలేదు. ఒక రాకుమారి తలపాగాలో పట్టుపురుగు గుడ్లు దాచుకుని ఖోతాన్ తెచ్చిందని ఒక కథ. ఆరో శతాబ్దం మధ్యలో జస్టీనియన్ చక్రవర్తి కాలంలో సన్యాసులు బైజాంటియంకు తెచ్చారని ఇంకో కథనం. ఆ తర్వాత కూడా చైనా పట్టుకు గిరాకీ తగ్గలేదు.

## టాంగ్ కాలం

టాంగ్ కాలాన్ని ఈ దారికి స్వర్ణయుగం అని ఎందుకంటారు?

ప్రభుత్వం తన సొమ్మును ఎడారిలో కుమ్మరించింది కాబట్టి. 640లో చైనాను ఏలుతున్న టాంగ్ వంశపు సేనలు తుర్ఫాన్‌ను గెలిచాక పశ్చిమాన ఠాణాలు వెలిశాయి. ఆ సైనికులకు జీతం పట్టులో ఇచ్చేవారు. అప్పట్లో చైనాలో నాణెం, ధాన్యం, పట్టు తాను మూడూ డబ్బే. ఎడారికి నాణేలు మోసుకుపోతే బరువు, ధాన్యం మోస్తే ఖర్చు, కాబట్టి సుమారు 12 మీటర్ల పట్టు తానే తేలిక. 745లో డున్‌హువాంగ్ దగ్గరి ఒక దండుకు రెండు విడతల్లో 15,000 తానులు వచ్చినట్టు లెక్క దొరికింది. ఆ పట్టుతో సైనికుడు కూరలు, గుర్రం, బూట్లు కొన్నాడు. అమ్మిన సోగ్డియన్ ఆ పట్టును పశ్చిమానికి తోలుకుపోయాడు. మనం వర్తకుల గొప్పతనం అనుకునేదాంట్లో చాలా భాగం చైనా రైతు కట్టిన పన్ను.

మామూలు రోజుల్లో వ్యాపారం ఎంత జరిగేదో లెక్కలున్నాయా?

తుర్ఫాన్ పొడి నేలలో ఒక లెక్క దొరికింది. అక్కడ చనిపోయినవాళ్ళకు పాత కాగితాలతో చెప్పులు, బట్టలు కత్తిరించి తొడిగేవారు. ఆ ముక్కలను అతికితే ఏడో శతాబ్దం మొదట్లోని తూకపు సుంకం పట్టీ బయటపడింది. ఏడాది మొత్తంలో నమోదైన బేరాలు 40 లోపే. అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు ఎక్కువగా సోగ్డియన్లు. సరుకు వెండి, బంగారం, ఇత్తడి, సుగంధ ద్రవ్యాలు, నవాసాగరం, పట్టు నూలు. వేల ఒంటెల బారు అనే బొమ్మ మన మనసులో ఉంటుంది, కాగితంలో మాత్రం చిన్న చిన్న బేరాలు.

దారిలో మోసపోతే దిక్కెవరు?

రాజ్యం బలంగా ఉంటే కోర్టు. 670ల ప్రాంతంలో కావ్ లూషాన్ అనే సోగ్డియన్ ఒక చైనా వర్తకుడి మీద టాంగ్ అధికారుల దగ్గర దావా వేశాడు. తన అన్న దగ్గర 275 పట్టు తానులు అప్పు తీసుకున్నాడని, ఆ అన్న ఎడారి దారిలో కనబడకుండా పోయాడని, పత్రం కూడా అన్నతోనే పోయిందని చెప్పాడు. ఇద్దరు సోగ్డియన్ సాక్షులు పలికారు. పరదేశి పక్షానే తీర్పు వచ్చింది, అసలు వడ్డీతో సహా చెల్లించాలన్నారు.

హుయాన్‌త్సాంగ్‌కు ఈ దారితో సంబంధం ఏమిటి? ఆయన ఆంధ్రదేశం వచ్చాడా?

వచ్చాడు. ధాన్యకటకంలో ఉండి బౌద్ధ శాస్త్రాలు చదువుకున్నాడు, వేంగిని కూడా తన రాతల్లో చెప్పాడు. కానీ ఆయన ప్రయాణానికి ఊపిరి పోసింది తుర్ఫాన్ రాజు. దేశం దాటవద్దన్న ఆజ్ఞను కాదని రహస్యంగా బయల్దేరిన ఆయనకు ఆ రాజు 100 చైనా ఔన్సుల బంగారం, 30,000 వెండి నాణేలు, 500 పట్టు తానులు, దారిలోని రాజులకు 24 ఉత్తరాలు ఇచ్చాడు. బదులుగా, తిరిగొచ్చేటప్పుడు మూడేళ్ళు తన దగ్గర ఉండాలని మాట తీసుకున్నాడు. 645లో హుయాన్‌త్సాంగ్ తిరిగి చైనా చేరేనాటికి ఆ రాజూ లేడు, ఆ రాజ్యమూ లేదు. 640లోనే టాంగ్ చైనా దాన్ని కలిపేసుకుంది.

751 తలాస్ యుద్ధంతో చైనా మధ్యాసియాను పోగొట్టుకుందని రాయొచ్చా?

మధ్యాసియాలోని తలాస్‌లో అరబ్బుల చేతిలో టాంగ్ సేన ఓడింది, నిజం. దారిని తెంచింది మాత్రం అది కాదు, 755లో ఇంట్లో పుట్టిన తిరుగుబాటు. సోగ్డియన్ తండ్రికి పుట్టిన సేనాని ఆన్ లూషాన్ లేవదీసిన ఆ యుద్ధం 763 దాకా సాగింది. రాజధానిని కాపాడుకోవడానికి పశ్చిమ ఠాణాల సైన్యాన్ని వెనక్కి పిలిచారు. ఖాళీ అయిన చోట టిబెటన్లు చొరబడ్డారు, 780లలో డున్‌హువాంగ్ వాళ్ళ చేతికి చిక్కింది. ఆ తర్వాతి డున్‌హువాంగ్ ఒప్పంద పత్రాల్లో నాణేల ఊసే అరుదు, అన్నీ ధాన్యంలో, గుడ్డలో. జీతం ఆగితే అంగడి ఎలా చిక్కిపోతుందో అంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

మరి తర్వాత చైనా సరుకు ఎలా వెళ్ళింది?

ఓడల్లో. ఇండోనేషియాలో బెలితుంగ్ దీవి దగ్గర తొమ్మిదో శతాబ్దపు అరబ్ ఓడ ఒకటి 1998లో దొరికింది. అందులో సుమారు 60,000 చైనా పింగాణీ పాత్రలు ఉన్నాయి. అన్ని పాత్రలు ఒంటెల మీద పగలకుండా పామీర్ దాటించడం ఊహించుకోండి.

## మంగోలుల కాలం

అంతమందిని చంపిన మంగోలుల కింద వ్యాపారం ఎలా పెరిగింది?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు ఇవ్వడం నాకిష్టం లేదు. 1218లో చెంఘిజ్‌ఖాన్ పంపిన 450 మంది వర్తకుల బిడారును మధ్యాసియాలోని ఒట్రార్ నగరపు అధికారి చంపించాడు. దానికి ప్రతీకారంగా బుఖారా, సమర్‌కంద్, మెర్వ్ ధ్వంసమయ్యాయి. మెర్వ్ మళ్ళీ మునుపటిలా లేవలేదు. ఆ శవాల మీదే తర్వాత నల్లసముద్రం నుంచి చైనా దాకా ఒకే కుటుంబం పాలన ఏర్పడింది. సరిహద్దులు తగ్గాయి, సుంకాలు తగ్గాయి, వర్తకులకు రాజకుటుంబమే పెట్టుబడి పెట్టింది. యామ్ అనే అంచె వ్యవస్థలో మజిలీ మజిలీకీ తాజా గుర్రాలు ఉండేవి, పైజా అనే లోహపు బిళ్ళ చూపిస్తే తిండి, బస దొరికేవి.

అప్పట్లో దారి నిజంగా అంత క్షేమమా?

1340 ప్రాంతంలో ఫ్లోరెన్సు వర్తకుడు ఒకరు రాసుకున్న చేతిపుస్తకంలో, చైనా దారి రాత్రీ పగలూ క్షేమమేనని వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతున్నారని ఉంది. వెంటనే రెండు హెచ్చరికలూ ఉన్నాయి. దారిలో చనిపోతే, తోడుగా అన్నదమ్ముడో భాగస్వామో లేకపోతే సొమ్ము రాజుకే. ఇక ఒక రాజు చనిపోయి ఇంకొకడు వచ్చేలోపు పరదేశులకు రక్షణ ఉండదు.

మార్కో పోలో రుద్రమదేవిని చూశాడా?

చూశానని ఆయన చెప్పలేదు. 1271లో వెనిస్ వదిలి, చైనాలో ఏళ్ళ తరబడి ఉండి, 1295లో సముద్రం మీదుగా ఇల్లు చేరాడు. ఆయన "ముత్ఫిలి" అని రాసింది మన మోటుపల్లి రేవునే. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, వజ్రాలు, సాలెగూడంత సన్నని గుడ్డలు దొరుకుతాయని రాశాడు. ఆమెను రాజు భార్య అన్నాడు, రుద్రమ గణపతిదేవుడి కూతురు. అదే మోటుపల్లిలో 1244 నాటి గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, మేము నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో మాట ఇచ్చాడు. మధ్యాసియా మైదానంలో పైజా చేసిన పని ఇక్కడ ఆ రాయి చేసింది.

ప్లేగు కూడా ఈ దారినే వచ్చిందా?

కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గరి శ్మశానాల్లో 1338–39 నాటి సమాధి రాళ్ళు అసాధారణంగా ఎక్కువ. ఆ ఎముకల్లో ప్లేగు క్రిమి జాడలు ఉన్నట్టు 2022లో తేలింది. 1346లో నల్లసముద్రపు రేవు కఫాలో, 1347లో సిసిలీలో అది కనబడింది. 1335లో ఇరాన్ మంగోలు రాజ్యం చీలిపోయింది, 1368లో చైనాలో మంగోలుల పాలన ముగిసింది. వ్యాధి, రాజకీయం కలిసి ఒక తరంలోనే దారిని విరిచేశాయి.

## ఆఖరి శతాబ్దాలు

1453లో ఒట్టోమన్ తుర్కుల చేతికి కాన్‌స్టాంటినోపుల్ పడిపోవడంతో పట్టు దారి మూతపడిందని పరీక్షలో రాయొచ్చా?

కీలో ఆ జవాబే ఉంటే గుర్తు పెట్టుకోండి, నమ్మకండి. యూరప్‌కు మిరియాలు అప్పటికే ఎక్కువగా ఈజిప్టులోని అలెగ్జాండ్రియా, సిరియా తీరపు బీరూట్ రేవుల నుంచి వెళ్తున్నాయి. ఒట్టోమన్లు ఆ ఈజిప్టును గెలిచింది 1517లో. పైగా సుంకం మీద బతికే సుల్తాను దారి ఎందుకు మూస్తాడు? ఇరాన్ పట్టుకు ఒట్టోమన్ల బుర్సా నగరమే పెద్ద సంత.

వాస్కో డ గామా వచ్చాక ఒంటెలు ఆగిపోయాయా?

1498 తర్వాత కూడా ఆగలేదు. చైనాకూ యూరప్‌కూ మధ్య దూరపు రవాణా ఓడలకు మారింది. మధ్యాసియా నుంచి భారత్‌కు గుర్రాలు, ఇక్కణ్ణుంచి నూలు గుడ్డలు మాత్రం మొగలుల కాలమంతా ఖైబర్ కనుమ దాటుతూనే ఉన్నాయి. దండుకు గుర్రాలు కావాలి, మన వాతావరణంలో మేలుజాతి గుర్రాలు పెరగవు. ఢిల్లీ దర్బారు గిరాకీ ఉన్నన్నాళ్ళు ఆ బాట నడిచింది.

భారతీయ వర్తకులు ఆ బాటల్లో ఎప్పటిదాకా ఉన్నారు?

పంతొమ్మిదో శతాబ్దం దాకా. ముల్తానీ షావుకార్లు బుఖారాలో సరాయిలు అద్దెకు తీసుకుని వడ్డీ వ్యాపారం చేశారు. ఓల్గా నది ముఖద్వారంలోని అస్త్రఖాన్‌లో వాళ్ళకో పేటే ఉండేది. అజర్‌బైజాన్‌లో బాకూ పక్కన సురాఖనీలో నేలలోంచి వచ్చే మంట చుట్టూ కట్టిన ఆతెష్‌గాహ్ గుడి గోడల మీద దేవనాగరి, గురుముఖి శాసనాలు ఇప్పటికీ చదవొచ్చు. 1888లో రష్యా రైలు సమర్‌కంద్ చేరింది. మధ్యాసియా పత్తి దాని మీద ఉత్తరాన రష్యా మిల్లులకు వెళ్ళడం మొదలుపెట్టింది.